చెట్టు తల ఎటు పడింది?

ఏప్రిల్, మే నెలల్లో చిత్తూరు, తిరుపతి జిల్లాల మీద సాయంత్రం పూట గాలీవానా దంచిపోయిందంటే చాలు, తెల్లారేసరికి వాట్సాప్‌లో ‘మన ఊళ్లో టోర్నడో’ అని వీడియోలు తిరుగుతాయి. దుమ్ము సుళ్లు తిరగడం, రేకులు ఎగరడం అన్ని రకాల గాలుల్లోనూ ఉంటుంది కాబట్టి వచ్చింది సుడిగాలో కాదో వీడియో తేల్చలేదు. తేల్చేవి తోపులో పడి ఉన్న చెట్లు. ఎన్ని పడ్డాయన్నది తర్వాతి మాట, ముందు ఎటు పడ్డాయో రాసుకోవాలి. దానికి గడువు రెండు రోజులే. మొదటి రోజు దారికి అడ్డంగా ఉన్నవాటిని జేసీబీ పక్కకు నెట్టేస్తుంది. రెండో రోజు రంపం మిషన్లు దిగుతాయి. మూడో రోజుకు దుంగలు తప్ప ఏమీ మిగలవు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. దిక్సూచి, జీపీఎస్ ఉన్న ఫోను, పవర్ బ్యాంకు, 30 మీటర్ల టేపు, మాను చుట్టుకొలతకు టైలరు టేపు, ముగ్గుపిండో సుద్దముక్కో, ఒక నోటుబుక్కు. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీలకు మించదు, దాన్ని సరిచేయనక్కర్లేదు. ఫోను దిక్సూచిని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. బైకు మీద కూర్చుని చూసినా, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, బోరు కేసింగు పక్కన నిలబడి చూసినా ముల్లు 20, 30 డిగ్రీలు పక్కకు పోతుంది. ఇనుముకు పది అడుగుల దూరం జరిగి, ఫోన్ని గాల్లో ఎనిమిది అంకెలా రెండుసార్లు తిప్పి, అప్పుడు చూడండి. తెగిన కరెంటు తీగ కనబడితే సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపామని చెప్పిందాకా ఆ కయ్యలో కాలు పెట్టొద్దు. డ్రోన్ ఉంటే పని సులువే గానీ తిరుమల కొండ మీద నిషేధం, రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల అనుమతి కావాలి. ఎగరేసే ముందు ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి.

ఇక కొలత. చెట్టు మొదలు దగ్గర, వేర్ల వైపు నిలబడి, తల వైపు చూస్తూ దిక్సూచి ఎన్ని డిగ్రీలు చూపిస్తే అది రాయాలి. నీడ ఉందని తల దగ్గర నిలబడి మొదలు వైపు చూసి రాసేవాళ్లే ఎక్కువ. దాంతో లెక్క సరిగ్గా 180 డిగ్రీలు తిరగబడుతుంది. ఒక టీములో ఒకరు అలా, ఒకరు ఇలా రాస్తే మ్యాపు మీద లేని సుడిగాలి పుట్టుకొస్తుంది! అందుకే కాగితం మీద ‘దిక్కు’ అని కాకుండా ‘తల ఎటు’ అని గడి పెట్టండి. వాతావరణ శాఖ గాలి దిక్కును అది వచ్చిన వైపు నుంచి చెబుతుందని కూడా గుర్తుంచుకోవాలి. తల 110 డిగ్రీల వైపు ఉంటే గాలి 290 నుంచి వచ్చినట్టు. సగటు తీసేటప్పుడు మరో గుంట ఉంది: ఒక చెట్టు 350, ఇంకోటి 10 అయితే ఎక్సెల్ 180 అంటుంది. రెండూ ఉత్తరానికే పడ్డాయి, ఎక్సెల్ మాత్రం దక్షిణం చూపిస్తుంది. సగటు జోలికి పోకుండా ప్రతి చెట్టునూ ఒక బాణం గుర్తుగా మ్యాపు మీద పెట్టడమే మేలు.

దిక్కుతో పాటు చెట్టు రకం, రొమ్ము ఎత్తులో (1.37 మీటర్లు) చుట్టుకొలత, వేళ్లతో లేచిందా, మాను విరిగిందా, కొమ్మలే పోయాయా, విరిగితే ఎంత ఎత్తులో అన్నవి రాయాలి. ఫొటోకు జీపీఎస్ మ్యాప్ కెమెరా యాప్ వాడితే ఫొటో మీద పడే లొకేషన్ ముద్ర మీరు నిలబడ్డ చోటుది, చెట్టుది కాదు. అందుకని మొదలు దగ్గరే నిలబడి తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి లొకేషన్ వివరాలు చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపమని అందరికీ ముందే చెప్పి పెట్టండి.

అన్ని చెట్లూ ఒకేలా సాక్ష్యం చెప్పవు. అరటి అసలు పనికిరాదు. గెల ఎటు వేలాడుతుంటే చెట్టు అటే ఒరుగుతుంది, చిన్న గాలికే. గెలకు ఎదురు వైపు పడిన అరటి కనిపిస్తే మాత్రం రాసుకోండి, దానికి విలువ ఉంది. మునగ, బొప్పాయి ఊరికే విరుగుతాయి. రోడ్డు పక్క పాత చింతచెట్టు లోపల బోలు కాబట్టి అది పడితే ఆశ్చర్యమేమీ లేదు. అంటు మామిడికి తల్లివేరు బలం తక్కువ, పైగా మన ఎర్రనేలల్లో చాలాచోట్ల రెండు మూడు అడుగుల కింద రాయి తగులుతుంది. వేళ్లు పళ్లెంలా పక్కలకే పరుచుకుంటాయి. ముందు గంటసేపు వాన తాగిన నేలలో అలాంటి చెట్టు ఒరగడానికి పెనుగాలి అక్కర్లేదు. డ్రిప్ పైపు కోసం ఒక పక్క కాలువ తవ్వి వేళ్లు తెంచిన తోపులో వరసంతా ఒకే వైపు పడి ఉంటే అది గాలి దిక్కో కాలువ దిక్కో అనుమానించాలి. గట్టు మీద ముందే వాలి ఉన్నవి, ఇంకో చెట్టు వచ్చి తమ మీద పడితే విరిగినవి పక్కన పెట్టండి. నమ్మకమైన సాక్షి జామాయిల్ తోట. ఒకే వయసు, ఒకే ఎత్తు, ఒకే ఎడం. దాంట్లో పది బాణాలు తోపులో నలభైతో సమానం.

కరెంటు స్తంభాల దగ్గర చాలామంది మోసపోతారు. ఎక్కడో ఒక కొమ్మ తీగ మీద పడితే ఆ లాగుడుకు వరసగా నాలుగైదు స్తంభాలు తీగ వెంబడే పడతాయి. అది గాలి చేసిన పని కాదు. తీగకు అడ్డంగా పడిన స్తంభమే గాలికి సాక్ష్యం. రేకుల షెడ్డుకొస్తే జే బోల్టు ఊడొచ్చిందా, వాషరు చుట్టూ రేకు చిరిగిందా చూడండి. ఊడొస్తే బిగింపు లోపం కావచ్చు, చిరిగితే గాలి బలమే. ఒక వైపు గోడ లేని కొట్టాలకు గాలి లోపల దూరి కప్పును కింద నుంచి ఎత్తుతుంది, వాటి మీద బలం లెక్క కట్టొద్దు.

నడక పద్ధతి అన్నిటికన్నా ముఖ్యం. దెబ్బ తిన్న తోపు నుంచి ఇంకో దెబ్బ తిన్న తోపుకు పోతే ప్రపంచమంతా కూలిపోయినట్టే కనిపిస్తుంది. దెబ్బకు అడ్డంగా నడవాలి. ఏ గాలీ తగలని చోట మొదలుపెట్టి, దెబ్బ దాటి, మళ్లీ ఏమీ తగలని చోట ఆపాలి. అలాంటి అడ్డగీతలు అర కిలోమీటరుకొకటి చాలు. గీత మీద వంద మీటర్లకోసారి ఆగి, పడ్డ చెట్లుంటే కనీసం పది బాణాలు, లేకపోతే ‘దెబ్బ లేదు’ అని ఒక చుక్క. ఇక్కడ మూడో రకం చుక్క కూడా ఉండాలి: ‘సాక్ష్యం లేదు’. చెరువు, కోత అయిపోయిన వరిమడి, బండరాళ్ల గుట్ట మీద ఎంత గాలి వీచినా గుర్తు మిగలదు. దాన్ని ‘దెబ్బ లేదు’ అని రాస్తే ఒకే దారి రెండు ముక్కలై, ఒక గాలి రెండు గాలులైపోతుంది. ఒకే సాయంత్రం పలమనేరులో, బంగారుపాళెంలో, పూతలపట్టులో చెట్లు కూలితే అది ఒకే మేఘమా మూడు మేఘాలా అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ చుక్కల్లోనే ఉంటుంది.

బాణాలు పెట్టాక మ్యాపును దూరంగా పెట్టి చూడండి. అన్నీ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే మేఘం ముందు తోసుకొచ్చిన ఈదురుగాలి. ఒక చోటు నుంచి విసనకర్రలా విచ్చుకుంటే డౌన్‌బర్స్ట్, అంటే మేఘంలోంచి చల్లగాలి మొత్తంగా కిందికి కుమ్మరించి నేల తగిలి పక్కలకు చిమ్మింది. దీని అంచులు మెల్లమెల్లగా పలచబడతాయి. నాలుగు కిలోమీటర్ల లోపు వ్యాపిస్తే మైక్రోబర్స్ట్, దాటితే మాక్రోబర్స్ట్ అంటారు. రెండు పక్కల నుంచీ బాణాలు ఒక నడిమి గీత వైపు ముడుచుకుంటే, ఆ పట్టీ సన్నగా, పొడుగ్గా ఉంటే, ఒక వరస కూలి పక్క వరసలో కాయ కూడా రాలకపోతే, అప్పుడు సుడిగాలిని అనుమానించండి.

అనుమానం తీర్చుకునే చోటు నడిమి గీత. అక్కడ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడ్డ జతలు వెతకాలి. అడుగున ఉన్నది ముందు పడింది, పైది తర్వాత పడింది. మన అర్ధగోళంలో సుడి మామూలుగా గడియారానికి ఎదురు తిరుగుతుంది. అది పడమర నుంచి తూర్పుకు పోతోందనుకుంటే, ముందు అంచు తాకినప్పుడు గాలి ఉత్తరానికి తోస్తుంది, వెనక అంచు తాకినప్పుడు దక్షిణానికి. కాబట్టి అడుగు చెట్టు తల ఉత్తరం వైపు, పై చెట్టు తల దక్షిణం వైపు ఉండాలి. దారికి కుడి పక్కన సుడి వేగం, నడక వేగం కలిసొస్తాయి కాబట్టి దెబ్బ ఎక్కువ, చెట్లు నడిచిన దిక్కుకే పడతాయి. ఎడమ పక్క దెబ్బ తక్కువ, కొన్ని వెనక్కి కూడా పడతాయి. ఈ లక్షణాలేవీ లేకుండా టోర్నడో అని రాయడం తొందరపాటే. మన దగ్గర ఇలాంటి దెబ్బల్లో ఎక్కువ భాగం ఈదురుగాలీ డౌన్‌బర్స్టూ చేసినవే.

ఈ బాణాల చదువుకు ఆద్యుడు జపాన్‌లో పుట్టిన వాతావరణ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా. 1945లో నాగసాకి, హిరోషిమాల్లో బాంబు పేలుడుకు చెట్లు ఒక చోటు నుంచి చుట్టూ విచ్చుకుని పడిన తీరు చూసినవాడు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో అమెరికాలో 148 టోర్నడోలు విరుచుకుపడ్డప్పుడు విమానంలోంచి ఆ దారులన్నీ గీశాడు. వాటి మధ్య సుడి లేకుండా నక్షత్రంలా విచ్చుకున్న దెబ్బలూ కనిపించాయి. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ 66 విమానం కూలిన కారణం వెతుకుతూ వాటికి డౌన్‌బర్స్ట్ అని పేరు పెట్టాడు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలినప్పుడు మనవాళ్ల మధ్య నడిచిన వాదన కూడా అదే, సుడిగాలా డౌన్‌బర్స్టా అని.

బలం లెక్కకు అమెరికావాళ్ల ఈఎఫ్ స్కేలు (దెబ్బను చూసి టోర్నడో గాలి వేగం అంచనా కట్టే ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా స్కేలు) 2007 నుంచి వాడుకలో ఉంది. దాంట్లో గట్టి కలప చెట్టు వేళ్లతో లేస్తే గంటకు సుమారు 146 కిలోమీటర్లు, మాను విరిగితే సుమారు 177 అని మధ్య అంచనా. దాన్ని తెచ్చి మన తోపు మీద పెడితే ప్రతి గాలీవానా ఈఎఫ్1 టోర్నడో అయిపోతుంది. అంటు చెట్టుకు, రాతి మీది రెండడుగుల మన్నుకు ఆ అంకెలు కుదరవు. జపాన్‌వాళ్లు ఈ ఇబ్బంది చూసే 2016లో సొంత స్కేలు తెచ్చుకుని, వాళ్ల వీధుల్లో ఉండే వెండింగ్ మిషన్లను, సమాధి రాళ్లను కూడా కొలబద్దల్లో చేర్చారు. మనకూ కొబ్బరిమట్టకు, సిమెంటు రేకుకు, కరెంటు స్తంభానికి అలాంటి పట్టిక వచ్చిందాకా వేగం అంకె రాయకుండా, ఏది ఎలా విరిగిందో రాసి ఊరుకోవడమే నిజాయితీ.

టైము విషయంలో మనుషుల జ్ఞాపకం పావుగంట అటూ ఇటూ పోతుంది. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో ఫీడరు (ఊళ్లకు కరెంటు తెచ్చే లైను) ట్రిప్పయి ఆగిన నిమిషం నమ్మదగ్గది. సీసీ కెమెరా గడియారం తప్పు ఉండొచ్చు, చూస్తున్నప్పుడు ఫోను టైముతో పోల్చి తేడా రాసుకోండి. రెండు సబ్‌స్టేషన్ల మధ్య గాలి వచ్చిన దారిన 12 కిలోమీటర్లుండి, ట్రిప్పుల మధ్య 18 నిమిషాలుంటే మేఘం గంటకు 40 కిలోమీటర్లు నడిచినట్టు. రాడార్ బొమ్మలు వాతావరణ శాఖ సైట్లో ఎక్కువసేపు నిలవవు, గాలి వచ్చిన రాత్రే శ్రీహరికోట, చెన్నై రాడార్ల స్క్రీన్‌షాట్లు వరసగా దాచుకోవాలి. రాడార్‌లో సుడి కనబడలేదు కాబట్టి లేదనడం మాత్రం తప్పు. శ్రీహరికోట నుంచి చిత్తూరు సుమారు 130 కిలోమీటర్లు. అర డిగ్రీ ఎత్తి వదిలిన కిరణం భూమి వంపు వల్ల చిత్తూరు చేరేసరికి రెండు కిలోమీటర్ల పైన పోతుంది. దానికింద మామిడి కొమ్మల మధ్య జరిగింది దానికి తెలియదు.

సెంటినల్-2 ఉపగ్రహ బొమ్మలు ఉచితమే, ముందువీ తర్వాతవీ పోల్చితే అడవిలో కూలిన పట్టీ తెలుస్తుంది. బొమ్మలో ఒక గడి (పిక్సెల్) 10 మీటర్లు, అంటే 10 మీటర్ల ఎడం తోపులో గడికి ఒక చెట్టు. చెట్టు పడితే కనిపించొచ్చు గానీ రాలిన కాయ కనిపించదు.

రాలిన కాయ లెక్క వేరే కాగితం మీద ఉండాలి. పెట్టుబడి రాయితీకి 33 శాతం నష్టం దాటాలన్నది అధికారుల కొలత, గాలి బలంతో దానికి సంబంధం లేదు. నిండుకాపు మీదున్న తోతాపురి మామూలు ఈదురుగాలికే సగం రాల్చేస్తుంది. ఎకరాకు ఐదు చెట్లు, తోపు అంచువి కాకుండా లోపలివి ఎంచుకుని, కొమ్మల గొడుగు కింద పావు భాగంలో రాలినవి లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. చెట్టు మీద మిగిలినవీ అలాగే. పొద్దున్నే కాయలు ఏరుకునేవాళ్లు రాకముందే చేయాలి. సర్వే నంబరు, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు దగ్గర పెట్టుకుని అదే తోపుకు అదే నంబరు రాస్తే రైతు సేవా కేంద్రం జాబితాతో సరిపోల్చుకోవచ్చు.

ఆలస్యంగా పోయినా అంతా పోయినట్టు కాదు. వేళ్లతో లేచిన చెట్టును కోసుకుపోయినా, వేళ్ల పళ్లెం నిలువుగా నిలబడి దాని పక్కన గుంట ఉంటుంది. గుంట ఉన్న వైపు నుంచి గాలి వచ్చింది, పళ్లెం అవతలి వైపుకు చెట్టు పడింది. విరిగిన మోడు మీద చెక్క మడతపడి అంటుకుని ఉన్న వైపే తల పోయిన వైపు, పీచులు పైకి లేచి చిట్లిన వైపు గాలి తగిలిన వైపు. వానలు మొదలై రైతు ఆ గుంట పూడ్చి కొత్త అంటు నాటిందాకా ఈ రెండు గుర్తులూ కొలతకు పనికొస్తాయి.