నాన్న స్వెట్టరు, క్లబ్బు వారి రిజిస్టరు

నాన్న పోయిన నాలుగో నెలలో ఆయన ఆట బట్టల పెట్టె తెరిచాం. మొన్న ఆదివారంతో ఆ వ్యవహారం తేలింది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తాను, అలాంటిది ఎవరికీ పనికిరాదు.

పెట్టెలో ఆరు జెర్సీలు, ఒక ట్రాక్‌సూటు, ఒక జత గ్లవ్స్, మేజోళ్లు ఉన్నాయి. అన్నిటికీ అడుగున, తెల్లటి గుడ్డలో చుట్టిన ఆకుపచ్చ ఉన్ని స్వెట్టరు. నాన్న ఫుట్‌బాల్ గోల్‌కీపరు. ఆ స్వెట్టరు వాళ్ల క్లబ్బు ఫైనల్ గెలిచిన నాటిది, అంటే నేను పుట్టకముందుది. ఏడాదికొకసారి దాన్ని బయటికి తీసి, నీడన ఆరబెట్టి, మళ్లీ చుట్టి పెట్టేవారు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

పంపకాలు ఒక పూటలో అయిపోయాయి. మూడు జెర్సీలు తమ్ముడి పిల్లలు తీసుకున్నారు. రెండింటి మీద అచ్చువేసిన అంకెలు మడతల్లో ఒకదానికొకటి అతుక్కుని, విప్పగానే ఊడివచ్చాయి. మీ ఇంట్లో అలాంటివి ఉంటే మడతకూ మడతకూ మధ్య తెల్ల కాగితం పెట్టండి, ఇస్త్రీ పెట్టెను దగ్గరికి రానివ్వకండి. గ్లవ్స్ అరచేతుల్లోని రబ్బరు జిగటగా మారి, విడదీస్తే పొడిపొడిగా రాలింది. పారేశాం. ఆరో జెర్సీ మోచేతుల దగ్గర రెండేసి అతుకులు వేసిన పాతది. ఎవరూ అడగలేదు, నేనే మసిగుడ్డల్లో పడేశాను. ట్రాక్‌సూటును మరదలు ఎవరినీ అడగకుండా వాషింగ్ మెషీన్‌లో వేసింది. మంచి మనసుతోనే వేసింది. ఆరాక ముఖానికి ఆనించుకుని చూస్తే సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఎవరైనా ఉతుకుతామని ముందుకొస్తే, ఒక నెల ఆగమని చెప్పండి.

స్వెట్టరు మెడ దగ్గర చిన్న చిల్లు కనిపించింది. చిమ్మట పని. ఎగిరే చిమ్మట తినదు, దాని పిల్లపురుగు తింటుంది. దానికి కావలసింది ఉన్నిలో ఉండే కెరటిన్ అనే పదార్థం. అందుకే పక్కనే ఉన్న పాలిస్టర్‌ను వదిలి దీన్ని పట్టుకుంది. తమ్ముడు కలరా ఉండలు తెస్తానన్నాడు. ఆ వాసన పడితే ఒక పట్టాన పోదని వద్దన్నాను. స్వెట్టరును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి పిండేసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాను. గుడ్లు కూడా చస్తాయి. ఇంట్లో అందరూ నవ్వారు, నవ్వనీ. అద్దం ఫ్రేములో బిగించి గోడకు తగిలిద్దామని కూడా అనుకున్నాను గానీ, వెలుతురుకు రంగు వెలిసిపోతుంది. మ్యూజియాల్లో పాత బట్టల మీద వెలుతురు 50 లక్స్‌కు, అంటే మసక వెలుతురుకు, మించనివ్వరట. మా హాల్లో పగలు పుస్తకం చదువుకునేంత వెలుతురు ఉంటుంది. అయినా సంతాప సభలో క్లబ్బు కార్యదర్శి మైకులో, "ఆయన జ్ఞాపకాలకు మా అద్దాల బీరువాలో ఎప్పుడూ చోటు ఉంటుంది" అని అన్నాడు కదా, మనకెందుకీ ఆలోచన అనుకున్నాను.

మైకులో అన్న మాటను ఎవరూ నమ్మవద్దు. నేను మూడుసార్లు తిరిగాను. మొదటిసారి అర్జీ రాసి తెమ్మన్నారు. రెండోసారి ఆధారం తెమ్మన్నారు. ఆధారం అడగడం తప్పని నేను అనను. 1986 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద చేత్తో గోల్ కొట్టినప్పుడు మారడోనా వేసుకున్న చొక్కా 2022లో వేలానికి వస్తే, ఆయన కూతురే అది మొదటి సగంలో వేసుకున్న చొక్కా అని వాదించింది. ఫొటోలతో పోల్చి చూసి, ఇదేనని తేల్చి అమ్మారు. అంతటివాడి చొక్కాకే తగాదా వస్తే మాదెంత! కానీ అడిగే తీరు ఒకటి ఉంటుంది.

మూడోసారి వెళ్లినప్పుడు కార్యదర్శి లేడు. బల్ల వెనుక కమిటీ సభ్యుడొకాయన, పక్కన బంతులకు గాలి కొడుతున్న ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ఆయన స్వెట్టరును రెండు వేళ్లతో ఎత్తి, "ఇది మనది కాదేమోనమ్మా. నంబరు లేదు. మన రంగు ఎరుపు, ఇది ఆకుపచ్చ" అన్నాడు.

ఇక్కడ నా గొప్ప కాస్త చెప్పుకుంటాను. గోల్‌కీపరు మిగతా జట్టుకు భిన్నమైన రంగు వేసుకోవాలన్న నియమం 1909 నుంచి ఉందని, ఆ కాలపు గోల్‌కీపర్ల స్వెట్టర్ల మీద చాలావరకు నంబరు ఉండేదే కాదని, ఫుట్‌బాల్ క్లబ్బు కమిటీలో కూర్చున్నవారికి ఇంతమాత్రం తెలియకపోతే ఎలాగని గట్టిగానే అడిగాను. కుర్రాళ్లు గాలి కొట్టడం ఆపారు. నెగ్గాననుకున్నాను. నెగ్గినవాళ్లు నోరు మూసుకోవాలి. నేను మూసుకోలేదు. స్వెట్టరు చేతులు చాపి చూపిస్తూ, "ఇన్నేళ్లయినా ఎంత పదిలంగా దాచారో చూడండి. మోచేతుల దగ్గర ఒక్క పోగు కూడా లేవలేదు" అన్నాను.

ఆయన ఏమీ అనకుండా లేచి, బీరువాలోంచి అట్ట ఊడిన రిజిస్టరు తీశాడు. ఫైనల్ నాటి పేజీ పట్టుకోవడానికి పావుగంట పట్టింది. పదకొండు పేర్లు ఉన్నాయి. నాన్న పేరు లేదు. వాటి కింద ఒక గీత, గీత కింద "రిజర్వు" అని రాసి ఉంది. అక్కడ ఉంది.

"పదిలంగానే ఉంటాయి కదమ్మా మోచేతులు" అన్నాడాయన. "నేల మీద పడితే కదా చిరిగేది."

ఒక కుర్రాడు నవ్వాడు. రెండోవాడు నవ్వలేదు, వంచిన తల ఎత్తలేదు. వాడి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. స్వెట్టరు మడిచి సంచిలో పెట్టుకుంటుంటే చేతులు వణికి, ఆ మడత కూడా సరిగ్గా రాలేదు. ఆయన ఏమైనా అబద్ధం చెప్పాడా అంటే, లేదు. అదే బాధ.

దారంతా నాన్న మాటలు తవ్వుకుంటూ వచ్చాను. "ఆ ఫైనల్లో నేనున్నాను" అనేవారు. ఆడానని ఎప్పుడూ అనలేదు. మిగతాది మేమే కలిపి కుట్టుకున్నాం. బడిలో నేను రాసిన వ్యాసంలో ఆయన పెనాల్టీ కూడా ఆపారు! అది చదివి ఆయన ఏమన్నారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

అమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడం ఏమిటి? ఆట అయ్యేదాకా బెంచీ చివర గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్నారు. ఆ మొదటి గోల్‌కీపరుకు కాలు బెణకడం మాట అటుంచు, తుమ్ము కూడా రాలేదు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేటంత పెద్ద విషయమా అది? ఆయన పడ్డదంతా సాధనలోనే. ఆ మోచేతులకు అతుకులు వేసింది నేనే కదా. అవునూ, ఆ జెర్సీ ఏది?"

మసిగుడ్డల మూట విప్పి తీసుకొచ్చాను. అదృష్టం కొద్దీ అప్పటికి ఒక కిటికీ మాత్రమే తుడిచాం. అమ్మ దాన్ని చన్నీళ్లలో జాడించి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టింది. అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. క్లబ్బుకు ఇవ్వను. రేపు వాళ్లే వచ్చి అడిగినా ఇవ్వను.

స్వెట్టరు కోసం మడత పడకుండా ఒక వెడల్పాటి అట్టపెట్టె, ఆమ్లం లేని కాగితం తెచ్చి ఉంచాను. మొన్న ఆదివారం సర్దుదామని వెళ్తే గుడ్డ ఖాళీగా ఉంది. చలిగా ఉందని అమ్మ వేసుకుని, కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనించి పేపరు చదువుకుంటోంది. ఒద్దిగ్గా సరిపోయింది కూడా. ఏమీ అనలేక పెట్టె వెనక్కి తీసుకొచ్చాను. నిన్న చూశాను, మోచేతుల దగ్గర ఉన్ని అప్పుడే ఉండలు కడుతోంది.