మీ దగ్గర ఏటి చేస్తారు సార్?

మొన్న సెలవులకి విశాఖ వచ్చినప్పుడు బావగారి కారు ఏసీ గాజువాకలో చూపించాం. షాపు కుర్రాడు వాల్వ్ నొక్కి పాత గ్యాసంతా బుస్సుమని గాల్లోకి వదిలేశాడు. "అలా వదలకూడదు తమ్ముడూ, మిషన్‌తో పట్టాలి" అన్నాను. "మా వాడిదీ ఫారిన్‌లో గ్యాస్ పనేలే" అన్నారు బావగారు. కుర్రాడు తలెత్తకుండానే "మరి మీ దగ్గర ఏటి చేస్తారు సార్?" అన్నాడు. నాకు చుర్రుమంది.

నేను పనిచేసేది జెనీవా దగ్గర సెర్న్ అనే కణభౌతిక పరిశోధనా కేంద్రంలో, కణాల్ని పసిగట్టే డిటెక్టర్ల గ్యాస్ విభాగంలో. వాడు వదిలింది ఆర్-134ఎ. మ్యూయాన్లనే సూక్ష్మ కణాల్ని పసిగట్టే మా ఆర్‌పీసీ డిటెక్టర్లలో నింపేదీ అదే. రెండు బేకలైట్ పలకలు, మధ్య 2 మిల్లీమీటర్ల సందు, అందులో గ్యాసు. దాదాపు 95 శాతం ఆర్-134ఎ, కాస్త ఐసోబ్యూటేన్, 0.3 శాతం ఎస్‌ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్). వేడిని పట్టి ఉంచడంలో ఆర్-134ఎ కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 1,400 రెట్లు. ఎస్‌ఎఫ్6 అయితే 22 వేల పైమాటే.

మేమేమీ కావాలని వదలం. వాడిన గ్యాసునే శుభ్రం చేసి తిప్పి తిప్పి వాడతాం. కానీ అట్లాస్ అనే సెర్న్ ప్రయోగంలో గ్యాసు లోపలికి వెళ్లే చిన్న ప్లాస్టిక్ ముక్కలు చిట్లిపోతాయి. భూమికి దాదాపు 100 మీటర్ల లోతున, చెయ్యి కూడా దూరని ఇరుకులో ఉంటాయవి. ఎంత అతికించినా ఇంకోచోట కారుతుంది. ఇదంతా గాజువాకలో ఎలా చెప్పను?

మార్చేద్దామంటే అదీ తేలిక కాదు. హెచ్‌ఎఫ్‌ఓ అనే కొత్త గ్యాసు వాతావరణానికి దాదాపు హాని చెయ్యదు. కానీ అదొక్కటే నింపితే వోల్టేజీ మా పరికరాలు తట్టుకోనంత పెంచాలి. అందుకని కార్బన్ డయాక్సైడ్ కలుపుతారు. పైగా రేడియేషన్‌కి హెచ్‌ఎఫ్‌ఓ విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, పలకల లోపలి పొరని తినేస్తుంది. రేడియేషన్ వెదజల్లే సీజియం ముందు నెలల తరబడి పెట్టి పరీక్షించేది ఇందుకే. ఈలోగా 2023లో అట్లాస్‌లో ఆర్-134ఎని తగ్గించి 30 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపారు. ఎస్‌ఎఫ్6ని మాత్రం 1 శాతానికి పెంచాల్సి వచ్చింది. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరగడం మా పనిలో మామూలే.

బావగారితో దారంతా వాదించాను. మేం ఎంత కారిందో లెక్కగట్టి రిపోర్టులో అచ్చేస్తాం, ఇక్కడ ఆ లెక్క ఏ షాపు రాస్తుంది అని. "లెక్క రాస్తే కారింది వెనక్కొస్తుందేటి?" అన్నారాయన. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఈ గ్యాసు నింపకూడదన్నాను. మనకి, ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించే కిగాలీ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తగ్గింపు 2032లో మొదలవుతుంది. యూరప్ వాళ్లు ఎన్నేళ్లు వాడుకున్నాక మానేశారో కూడా చెప్పమన్నారు బావగారు. అదీ నిజమే. ఆ కుర్రాడి షాపులో గ్యాసు పట్టే మిషనే లేదు, దాని ధర వాళ్ల ఓనరు పెట్టగలిగేది కాదు. మాకు లీకులు వెతకడానికే ఒక టీముంది.