నా బ్రెయిన్ ట్యూమర్, ఒక మైనం బిళ్ల

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. పదిహేనేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. అందుకేనేమో, నా జబ్బు తలనొప్పితో కాకుండా చిల్లర లెక్కతో బయటపడింది. 2022 దసరా ముందు కొట్టు నిండా జనం ఉంటే, ఒకావిడకి రెండొందల యాభై అని చెప్పాలి, 'అఢెయి శొ' అన్న మాట ఎంతకీ నోటికి రాలేదు. తెలుగులో వస్తోంది, ఒడియాలో రావట్లేదు! నవ్వేసి కాగితం మీద రాసి చూపించాను. తర్వాత వారం సూది, ఆ పై వారం కత్తెర. పండగ పనికి అలసిపోయావు, పడుకో అన్నారు మా ఆయన. ఒక డాక్టరు గారు నరాల బలహీనత అని బి12 బిళ్లలూ టానిక్కూ రాసిస్తే రెండు నెలలు మింగాను. ఆ రెండు నెలల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఫిబ్రవరిలో మిషను దగ్గర కూర్చుని ఉండగా కుడిచెయ్యి దానంతటదే ఎగిరెగిరి పడింది, నోరు ఒక పక్కకి లాగేసింది. రెండు నిమిషాలే. అవి ఫిట్సని నాకు తెలీదు, కాళ్లూ చేతులూ కొట్టుకుని నురగ కక్కితేనే ఫిట్సనుకునేదాన్ని. శ్రీకాకుళంలో స్కాన్ తీస్తే ఎడమ పక్క గడ్డ. వెంటనే విశాఖపట్నం పొమ్మన్నారు. నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడ మా ఆడపడుచు వాళ్లకి అప్పట్లో ఆరోగ్యశ్రీ ఉంది, మేం ఇవతల ఒడ్డున ఉన్నాం కాబట్టి లేదు. డబ్బు ఎలా తెచ్చామన్నది ఇక్కడ రాయను, నా మెడ చూస్తే తెలుస్తుంది.

గడ్డ మాట పుట్టే చోటికి ఆనుకుని ఉందట, అందుకని మెలకువగా ఉంచి ఆపరేషన్ చేస్తామన్నారు. భయపడి చచ్చాను గానీ నిజంగా పెద్ద నొప్పి లేదు. తల చర్మానికి మత్తు ఇస్తారు, మెదడుకి నొప్పి తెలీదు. బొమ్మలు చూపిస్తూ పేర్లు అడుగుతారు, అదే సమయంలో సర్జన్ మెదడు మీద చిన్న కరెంటు తగిలిస్తారు. మాట ఆగిపోయిందంటే అక్కడ కొయ్యకూడదని గుర్తు. ముందురోజు నేనే అడిగాను, "సార్, నాకు ఒడియా కూడా కావాలి, లేకపోతే కొట్టు మూసుకోవాలి" అని. ఆయన నవ్వలేదు. బరంపురం నుంచి వచ్చిన, ఒడియా తెలిసిన నర్సమ్మని నా పక్కన కూర్చోబెట్టారు. ఒక చోట కరెంటు పెడితే 'చేప' అని టక్కున చెప్పాను, అదే బొమ్మకి 'మాఛొ' అనలేకపోయాను. మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే. సర్జన్ అక్కడ ఆగిపోయారు. అంటే నా ఒడియా మాటల కోసం గడ్డలో కొంచెం లోపలే ఉండిపోయింది. మంచి బేరమో కాదో అప్పుడు నాకు తెలీదు.

మొదటి రిపోర్టులో హై గ్రేడ్ గ్లయోమా, అంటే త్వరగా పెరిగే మెదడు గడ్డ అని ఉంది. వరండాలో ఒక జూనియర్ డాక్టర్ వాటిలో అన్నిటికన్నా ప్రమాదమైన గ్లయోబ్లాస్టోమా అయ్యుండొచ్చు అన్నాడు. మా వాడు డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్లో వెతికి గబుక్కున జేబులో పెట్టేసుకున్నాడు. వాడు చూసిందేమిటో తర్వాత నేనూ చూశాను: ఆపరేషన్, రేడియేషన్, టెమొజొలొమైడ్ అనే కీమో మందు మూడూ చేసినా సగం మంది పదిహేను నెలలు దాటరు. 2005లో వచ్చిన లెక్క అది.

రేడియేషన్ డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. "బ్లాక్ ఎక్కడుంది? జన్యు పరీక్ష లేకుండా పేరు పెట్టను" అన్నారు. బ్లాక్ అంటే తీసిన గడ్డ ముక్కని మైనంలో పోత పోసిన చిన్న బిళ్ల. డిశ్చార్జి రోజున స్లైడ్లతో పాటు రెండు బ్లాకులు మా చేతికిస్తే, అవేమిటో తెలీక ఇంట్లో మందుల సంచిలో పడేసి ఉంచాం. మా ఆయన పర్లాకిమిడి వెళ్లి, ఎండకి మైనం కరుగుతుందేమోనని స్టీలు టిఫిను డబ్బాలో దూది మధ్య పెట్టుకుని, గుణుపురం పాసింజర్లో విశాఖపట్నం దాకా ఒళ్లో దించకుండా తెచ్చారు. పక్క సీటాయన స్వీటా అని అడిగాడట.

రిపోర్టు వచ్చింది. ఐడీహెచ్1 అనే జన్యువులో తేడా ఉంది, ఆర్132హెచ్. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 132వ చోట అర్జినిన్ ఉండాలి, హిస్టిడిన్ ఉంది. అంతే తేడా. డాక్టరమ్మ చెబుతుంటే నాకు నా పనే గుర్తొచ్చింది, కాగితం ప్యాటర్న్‌లో ఒక్క గీత తప్పు పడితే దాని మీద కోసిన ప్రతి జాకెట్టూ అలాగే వస్తుంది. ఆ ప్రొటీన్ ఒక ఎంజైమ్, అది చెయ్యాల్సిన పని మానేసి 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థం తయారుచేస్తుంది, అది పేరుకుపోయి లేత కణం పూర్తిగా ఎదగాల్సిన టైముకి ఎదగకుండా అడ్డుపడుతుంది. 2008లో అమెరికాలో 22 మంది గ్లయోబ్లాస్టోమా గడ్డల్లో జన్యువులు చదువుతుంటే ఇది బయటపడిందట. దాన్నిబట్టి 2021 నుంచి పేర్లే మారిపోయాయి, ఐడీహెచ్ తేడా ఉన్న గడ్డని ఇప్పుడు గ్లయోబ్లాస్టోమా అనరు. నాది ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 3. ప్రమాదమే, కానీ రేడియేషన్‌కీ మందుకీ బాగా లొంగే రకం, నెలల్లో కాకుండా ఏళ్లలో లెక్కపెట్టుకోవచ్చు అన్నారు. మా అత్తగారు "మీ పుట్టింటి నుంచి వచ్చిందా?" అని అడిగారు. కాదు అత్తా, ఈ తేడా గడ్డ కణాల్లోనే పుట్టింది, ఒంట్లో ఇంకెక్కడా లేదు, పిల్లలకి పోదు. ఈ ముక్క మా వాడు రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నాడు.

రేడియేషన్ 33 రోజులు, మొహానికి వల మాస్కు బిగించి. చెల్లెలింట్లో ఉన్నాను. తర్వాత నెలకి ఐదు రోజులు టెమొజొలొమైడ్, పన్నెండు సార్లు. వాంతులూ మలబద్ధకమూ అందరూ రాసినవే. ఫిట్స్ మందుకి మాత్రం కోపం ముంచుకొచ్చేది, కస్టమర్ల మీద అరిచేసేదాన్ని.

రేడియేషన్ వరసలో రాయగడ వైపు నుంచి ఒక మాస్టారు వచ్చేవారు, అరవై దాటిన మనిషి. ఆయనకి ఐడీహెచ్ తేడా లేదు, ఆయనది అసలు గ్లయోబ్లాస్టోమా. రిపోర్టు నిండా జన్యువుల పేర్లే, కణాన్ని పెరగమని చెప్పే ఈజీఎఫ్ఆర్ అయితే విపరీతంగా పెరిగి ఉంది. "గురి పెట్టడానికి అన్ని చోట్లు దొరికితే బాణం లేదా అమ్మా?" అని ఆయన అడిగారు. డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. మందుల్ని మెదడు రక్తనాళాలు చాలావరకు లోపలికి రానివ్వవు. పైగా ఒకే గడ్డలో రకరకాల కణాలుంటాయి, ఒక రకాన్ని కొడితే మిగతావి పెరుగుతాయి. ఈజీఎఫ్ఆర్‌లోని ఒక తేడా మీద చేసిన వ్యాక్సిన్ పెద్ద ట్రయల్లో 2016లో ఫెయిలైంది, మళ్లీ పెరిగిన గడ్డల్లో చాలావాటిలో గురిపెట్టిన ఆ తేడానే కనపడలేదట. మాస్టారు తర్వాతి సంక్రాంతి చూడలేదు. జన్యువు దొరికింది కాబట్టి మందు దొరికినట్టే అని ఎవరైనా మెసేజ్ పంపితే నాకు ఆయనే గుర్తొస్తారు.

నా గురికి బాణం ఉంది, అదీ సగమే. 2024 ఆగస్టులో వొరాసిడెనిబ్ అనే మాత్రకి అమెరికాలో అనుమతి వచ్చిందని మా వాడు ఎగిరి గంతేశాడు. సరిగ్గా ఐడీహెచ్ ఎంజైమ్‌నే ఆపే మందు, మెదడులోకి వెళ్లేలా చేసినది. చదివితే గ్రేడ్ 2 వాళ్లకి. నాది 3. ధర చూశాక ఆ ఒక్క అంకె గురించి బాధపడ్డం మానేశాను.

ఇప్పుడు నాలుగు నెలలకోసారి ఎమ్మారై. తగ్గిందా అంటే తగ్గిందనరు, నిలకడగా ఉందంటారు. లోపల ఉండిపోయిన ఆ ముక్క పెరగలేదు. ఒడియా లెక్కలు వచ్చేశాయి, 'అఢెయి శొ'తో సహా. కత్తెర ఒక్కటే ఇంకా ఏడిపిస్తుంది, చేత్తో పైకెత్తి చూపిస్తే కస్టమర్లే అందిస్తారు.

రెండో బ్లాకు మా ఇంట్లోనే ఉంది. కొత్త గురి ఏదైనా దొరికితే అదే ముక్కని మళ్లీ పరీక్షించొచ్చు, పారెయ్యకండి అన్నారు. ఇంట్లో చల్లటి చోటు వెనక గదిలో మంచినీళ్ల కుండ పక్కనే, అదే టిఫిను డబ్బాలో పెట్టాం. నీలమణి దుర్గమ్మ కుంకుమ పొట్లం కూడా మా అత్తగారు అందులోనే వేశారు. డబ్బా కోసం మా వాడు గోల పెడితే ఇంకోటి కొనిచ్చాను.