పుష్పక్ తోక బరువు

నిన్న ఉదయం ఆరున్నరకు మా ఊరి కాలేజీ మైదానంలో రిమోట్‌తో నడిపే నా బొమ్మ విమానం పుష్పక్ ఆరు నిమిషాలపాటు గాలిలో తిరిగి, దిగేటప్పుడు ఒక్క చక్రం మాత్రం ఊడగొట్టుకుంది. నాలుగు నెలల పని, రెండు పతనాలు, నలుగురిలో పడ్డ అవమానం తరువాత దక్కిన ఆరు నిమిషాలు కనుక వేడి తగ్గకముందే రాస్తున్నాను.

పుష్పక్ అంటే బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు తయారుచేయగా 1958లో తొలిసారి ఎగిరిన రెండు సీట్ల శిక్షణ విమానం. దాని 36 అడుగుల రెక్కలను పదో వంతుకు కుదిస్తే 110 సెంటీమీటర్లు వస్తాయి. ఫోమ్ షీటు కోసి, గ్లూ గన్‌తో అతికించడం వారం రోజుల్లో ముగిసింది. సూపర్ గ్లూ ఈ ఫోమ్‌ను కరిగించి గుంటలు పెడుతుందని ఒక తలుపు పాడయ్యాక తెలుసుకున్నాను. రంగుల పనిలో మాత్రం నాకు సాటి లేరని చెప్పుకోవడానికి మొహమాటపడను: తోకకు మూడు పూతలు వేసి, ప్రతి పూతా ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్ది, అక్షరాలు చేత్తోనే రాశాను.

తొలి ఆదివారం బావమరిది కుటుంబాన్ని కూడా మైదానానికి పిలిచాను. చేతిలోంచి వదలగానే విమానం ముక్కు పైకెత్తింది. రిమోట్ మీది స్టిక్ పూర్తిగా ముందుకు నెట్టినా ముక్కు దించలేదు. ఇంకా ఇంకా ఎత్తి, వేగం చచ్చి, ఒక రెక్క మీదికి ఒరిగి నేలలో గుచ్చుకుంది. నడకకు వచ్చిన విశ్రాంత హెడ్మాస్టరు గారు ఆగి, "ఏం బాబూ, ఇది ఎగరడానికా, దున్నడానికా?" అన్నారు. మా బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు.

విరిగిన ముక్కు అతికించి, విజయవాడలో సామాను కొన్న దుకాణానికే వెళ్లి గోడు చెప్పుకున్నాను. దుకాణదారు విమానాన్ని చూడనైనా చూడకుండా, సర్వోలకు (తోక పలకలను కదిపే చిన్న మోటార్లకు) బలం చాలడం లేదని తేల్చి, తొమ్మిది గ్రాముల ప్లాస్టిక్ సర్వోల స్థానంలో పదమూడు గ్రాముల లోహపు పళ్లవి రెండు అంటగట్టాడు. సర్వోల నుంచి తోక దాకా పొడవాటి కడ్డీలు ఎందుకని నేను ఆ రెండింటినీ తోక దగ్గరే బిగించి ఉన్నాను. అంటే డబ్బిచ్చి మరీ తోకకు బరువు పెంచుకున్నాను. రెండోసారి విమానం మరింత త్వరగా పడింది. సరుకు అమ్మేవాడిని రోగమేమిటని అడిగితే తన దగ్గరున్న మందే చెబుతాడు; ఆ దుకాణం మెట్లు నేను మళ్లీ ఎక్కను.

అసలు సంగతి బయటపెట్టింది ఇంటర్ చదివే మా అమ్మాయి. అటక మీద పెట్టబోతూ రెక్కల కింద రెండు వేళ్లతో ఎత్తి, "నాన్నా, ఇది తోక మీద కూర్చుంటోంది" అంది. కొలిచి చూస్తే విమానం రెక్క వెడల్పులో సరిగ్గా సగం దగ్గర తూగుతోంది. పదిహేను సెంటీమీటర్ల రెక్కకు అది ముందంచు నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర తూగాలి. ప్లానులో ఆ గుర్తు ఉంది, రెక్క మీద నేనూ గీశాను. దాని మీదే పసుపు రంగు కొట్టేశాను. మెకానికల్ డిప్లొమా చేసినవాడినని ఆ పూట ఇంట్లో ఎవరికీ గుర్తుచేయలేదు. పుష్పక్ ముక్కు పొట్టి, తోక పొడవు. తోకలో పెరిగే ప్రతి గ్రాముకూ ముక్కులో రెండున్నర గ్రాములు పెట్టాలి. నా మూడు పూతల ఖరీదు అదీ.

సర్వోలను రెక్క కిందికి తెచ్చి, వెదురు పుల్లలకు తీగ కట్టి తోక దాకా లాగాను. బ్యాటరీని ముందుకు, మోటారు వెనకే ఉండేలా జరిపి, అదీ చాలక వలల దుకాణంలో కొన్న సీసం గుళ్లు 45 గ్రాములు ముక్కులో అతికించాను. తోకకు రంగు ఒక్క పూతే వేయండి, లేదా రంగు టేపు అతికించండి.

నిన్న అది చేతిలోంచి సూటిగా సాగి, స్టిక్ ముట్టుకోకుండానే మెల్లగా ఎత్తుకు లేచింది. బావమరిదికి వీడియో పంపాను. హెడ్మాస్టరు గారు మాత్రం నిన్న నడకకు రాలేదు.