ఎం.ఏ.లో ద్విపద తీసుకున్నాను: నా అనుభవం

మొన్ననే వైవా అయిపోయింది. ఎం.ఏ. తెలుగు చివరి ఏడాదిలో పాత శివకవి పాల్కురికి సోమనాథుడి ద్విపద మీద, అంటే రెండేసి పాదాలుగా నడిచే ఛందస్సు మీద, ప్రాజెక్టు చేశాను. సంతోషంగా ఉంది, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. రేపు ఎవరైనా ద్విపద తీసుకుంటామంటే వాళ్లకు పనికొస్తుందని వేడి మీదే రాస్తున్నాను.

సీటు, ఫీజు, గైడ్ కేటాయింపు మామూలుగానే జరిగిపోయాయి. నేను చదివింది హనుమకొండలో, మా ఊరు పాలకుర్తి దగ్గర. సోమనాథుడి ఊరి పక్కనే పుట్టి ఆయన్ని చదవకుండా తెలుగు పట్టా పుచ్చుకోవడం నాకు నచ్చలేదు. మా మేడం ఒకటే మాట అన్నారు: "బసవపురాణం ఏడు ఆశ్వాసాలూ చదివి రామ్మా, తర్వాత టాపిక్ మాట్లాడుకుందాం." అది సోమనాథుడి ద్విపద కావ్యం. చదివాను. ఆ చదువే తర్వాత నన్ను కాపాడింది.

అసలు కథ సినాప్సిస్ రోజున, అంటే ప్రాజెక్టులో ఏం చేస్తామో ముందుగా చెప్పే రోజున, మొదలైంది. హాల్లో క్లాసంతా ఉంది, లెక్చరర్లున్నారు, బయటి నుంచి ఒక పెద్దాయనను కూడా పిలిచారు. నా టాపిక్ వినగానే ఆయన, "ప్రబంధాలుండగా ద్విపద ఎందుకమ్మా? ఆడవాళ్లు పాడుకునే పాటల మీద పరిశోధన ఏముంటుంది?" అన్నాడు. అక్కడితో ఆగలేదు. ద్విపద కావ్యాన్ని ముసలి వేశ్యతో పోల్చే పాత చాటువొకటి ఉంది. అది చదివి, నా వైపు చూసి నవ్వాడు. వెనక బెంచీల్లో మగపిల్లలు కొందరు అందుకున్నారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి, గొంతు పెగల్లేదు. ఒక ఆడపిల్ల తన పని గురించి చెప్పుకోవడానికి నిలబడితే అనాల్సిన మాటేనా అది?

"సరే, ఒక ద్విపద రాసి గణాలు విడదియ్యి, చూద్దాం" అని బోర్డు చూపించాడు. లేచి వెళ్లి రాశాను.

ఉరుతర గద్యపద్యోక్తుల కంటె
సరసమై పరగిన జానుఁ దెనుంగు

పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం యతిస్థానం. రెండు పాదాలకూ ప్రాస కుదరాలి. ఉరుతర, నలము. గద్యప, రగణం. ద్యోక్తుల, భగణం. కంటె, హగణం. అంతవరకూ ఊరుకుని, "ఆగు, ఉ-కారానికి ద్యో-తో యతి ఎట్లా కుదురుతుంది? పాఠం తప్పు రాశావు" అన్నాడు. తప్పు కాదు సార్ అన్నాను. పద్య, ఉక్తి కలిస్తే గుణసంధి వచ్చి పద్యోక్తి అయింది. ఆ ఓ-కారంలో ఉక్తిలోని ఉ-కారం ఉంది, యతి దానితోనే. రెండో పాదంలో స-కారానికి జా-తో యతిమైత్రి. ఉరు, సర అన్నచోట ర-కారం ప్రాస. గడగడా చెప్పేశాను. ఆయన మాట్లాడలేదు. నేను ఆగకుండా దాని తర్వాతి ద్విపద కూడా చదివాను.

చర్చింపఁగా సర్వసామాన్యమగుటఁ
గూర్చెద ద్విపదలఁ గోర్కి దైవార

అందరికీ అందేది కాబట్టే ద్విపదలో రాస్తున్నానని బసవపురాణంలో సోమనాథుడే చెప్పుకున్నాడు. అందరికీ అందడం కవిత్వానికి తక్కువతనం ఎట్లా అవుతుంది? తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది మంజరీ ద్విపదలో, అంటే ప్రాస నియమం లేని ద్విపదలో. ఆడవాళ్లు పాడుకుంటారని ఒక ఛందస్సును చులకన చేసేవాళ్లు ఆమెను ఏ వరసలో కూర్చోబెడతారు?

ఇంత చెప్పినా ఆ రోజు టాపిక్ ఓకే కాలేదు. "మార్చి తీసుకురా" అని రాసి పంపారు. ఏం మార్చాలో ఎవరూ చెప్పలేదు. కాగితం ఆఫీసులోనే పడి ఉంది. అడిగితే క్లర్కు సార్ సంతకం కాలేదంటాడు, సార్‌నడిగితే ఫైలు రాలేదంటాడు. చివరికి మేడం స్వయంగా నోటు రాసి కూర్చుంటే గానీ కదల్లేదు. టాపిక్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మీకూ ఇట్లాగే అయితే కాగితం ఇచ్చినట్టు తేదీతో రసీదు రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

పాటలని ఆ పెద్దాయన వెక్కిరించిన సంగతినే ఒక అధ్యాయం చేశాను. సోమనాథుడి మరో ద్విపద కావ్యం పండితారాధ్య చరిత్రలో ఐదు ప్రకరణాలున్నాయి. చివరిదైన పర్వత ప్రకరణంలో శ్రీశైలం యాత్ర చెబుతూ సోమనాథుడు జనం పాటలను వరసగా పేర్కొంటాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు. పండితులు రాసిపెట్టని పాటల పేర్లు మనకు అక్కడ దొరుకుతున్నాయి. ఆ అధ్యాయం రాసినన్నాళ్లూ నాకు నిద్ర గుర్తుకు రాలేదు.

డీటీపీ దగ్గర ఇంకో తిప్పలు. కుర్రాడు అరసున్నలన్నీ ఎగరగొట్టాడు, ఱ ఉన్నచోటల్లా ర కొట్టాడు. పక్కన కూర్చుని వాక్యం వాక్యం దిద్దించాను. పాత కావ్యం మీద పనిచేసేవాళ్లు యూనికోడ్‌లో సొంతంగా టైపు చేసుకోవడమే మేలు.

పుస్తకాల కోసం హనుమకొండలోని రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయానికి వెళ్లండి. 1904లో పెట్టిన గ్రంథాలయం అది. బజారు గైడు పుస్తకాలు మాత్రం ముట్టొద్దు. ద్విపద గురించి వాటిలో ఉండేది లక్షణం, ఒక ఉదాహరణ, అంతే. ముందు రంగనాథ రామాయణం చదివితే నడక పట్టుబడుతుంది. తర్వాత బసవపురాణం, ఆ తర్వాతే పండితారాధ్య చరిత్ర. బసవపురాణానికి వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పీఠికను మూలం చదివాకే తెరవండి. ఏది చదివినా పైకి చదవండి. యతి ఎక్కడ పడుతుందో ముందు చెవికి తెలుస్తుంది, గణాలు తర్వాత లెక్కపెట్టుకోవచ్చు.

వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ వేరే ఊరి మేడం. పర్వత ప్రకరణం అధ్యాయం పూర్తిగా చదివి వచ్చారు. ప్రశ్నలు కొన్నే అడిగారు. తర్వాత ఆ పదాల పేర్లున్న భాగం పాడి వినిపించమన్నారు. పాడాను. ఆ అధ్యాయాన్ని వ్యాసంగా రాసి పత్రికకు పంపమన్నారు. ఈ వారమే ఆ పని మొదలుపెడుతున్నాను.