పట్టీ, ఉప్పు, నడుము: బీపీ దించుకున్న ఎనిమిది నెలలు

బీపీ మిషన్‌తో పాటు వచ్చిన, చేతికి చుట్టే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న జబ్బకి సరిపోయేది. భుజం ఎముకకీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టైలరు టేపుతో కొలిస్తే నా జబ్బ 36. ఇరుకు పట్టీ కడితే లోపలి రక్తనాళం మూసుకోవడానికి గాలి ఎక్కువ కొట్టాలి, అందుకే అంకె ఉన్నదానికన్నా పెద్దది వస్తుంది. 32 నుంచి 42 సైజు పట్టీ విడిగా తెప్పించాను. పాత పట్టీకి 158/98 వచ్చిన పూటే కొత్తదానికి 150/94 వచ్చింది. లావుగా ఉన్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే. మాత్ర డోసు నిర్ణయమయ్యేది ఆ అంకె మీదే కదా.

చూసుకునే పద్ధతీ అంతే ముఖ్యం. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకీ మాత్రకీ ముందు, వీపు కుర్చీకి ఆనించి, కాలు మీద కాలు వేయకుండా, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు. రాత్రి కూడా అలాగే. 7 రోజులు రాసి, మొదటి రోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంట్లో సగటు 135/85కి చేరితే బీపీ ఉన్నట్టే. నాకు దాటింది. డాక్టరు టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర 40 మిల్లీగ్రాములది రాశారు, బరువు తగ్గమన్నారు.

బరువుకీ బీపీకీ లంకె ఎక్కువగా పొట్ట లోపలి కొవ్వులో ఉంది. అది కిడ్నీల చుట్టూ చేరి నొక్కుతుంది, ఉప్పునీ నీటినీ ఒంట్లోనే ఆపే హార్మోన్లను పెంచుతుంది, రక్తనాళాలను బిగించే నరాలను ఎగదోస్తుంది. గురకతో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంటే రాత్రి కూడా బీపీ దిగదు. అందుకే కాటాతో పాటు టేపు కూడా పెట్టుకున్నాను. మనవాళ్లలో మగవాళ్లకి నడుము 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. నాది 106, బరువు 94 కిలోలు.

కిలో తగ్గితే పై అంకె సుమారు ఒక పాయింటు దిగుతుంది. రాత్రి అన్నం ఒక గరిటెకి దించి కూర రెట్టింపు చేశాను, వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడిచాను. అసలు పని వంటింట్లో ఉప్పు దగ్గర పడింది. మనిషికి రోజుకి 5 గ్రాములు, అంటే టీ చెంచాడు లోపు. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, హోటలు టిఫిన్లు వేరే ఉంటాయి కనుక రెండు నెలలు దాటి రావాలి. ప్యాకెట్టు విప్పిన రోజే దాని మీద తేదీ రాయండి, ఇంకే లెక్కా అక్కర్లేదు. పెరుగన్నంలో ఉప్పు మానడం నాకు అన్నిటికన్నా కష్టమైంది, మూడు వారాలకి నాలుక అలవాటు పడింది. సోడియం తక్కువ ఉప్పు జోలికి మాత్రం వెళ్లలేదు. అందులో పొటాషియం ఉంటుంది. టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకీ అది ప్రమాదం.

మూడో నెలలో బరువు దిగుతుండగా బీపీ పై అంకె 146కి ఎక్కింది. కారణం మోకాళ్ల నొప్పికి వారం రోజులు వేసుకున్న డైక్లోఫెనాక్. ఆ జాతి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పుని ఆపేస్తాయి, బీపీ మాత్ర పనిని చెడగొడతాయి. డాక్టరు పారాసిటమాల్‌కి మార్చి, నడక చదును నేల మీదికి తెమ్మన్నారు. రెండు వారాల్లో సర్దుకుంది.

ఆరో నెలకి 7 కిలోలు తగ్గాక మంచం దిగితే కళ్లు తిరిగాయి. కూర్చుంటే 112/70, లేచి నిలబడిన నిమిషానికి 94/62. ఒళ్లు తగ్గినా డోసు పాతదే ఉండిపోయింది. ఇలాంటప్పుడు మాత్ర సొంతంగా మానేయకూడదు, బీపీ అంకెలు రాసిన పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నాకు 20కి దించారు.

ఎనిమిదో నెల సగటు 126/80, బరువు 85, నడుము 97. జబ్బ 33కి వచ్చింది. 32 లోపుకి దిగిన రోజున మళ్లీ పాత పట్టీ తీయాలి, ఎందుకంటే సన్నని చేతికి పెద్ద పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.