ఇంకో మూర

కనుమ మర్నాడు తెల్లవారుజామున తిరుపతి బస్టాండులో దిగాను. రాత్రంతా బెంగుళూరు బస్సులో కూర్చుని మెడ పట్టేసింది. టీ గ్లాసు చేతికి అందకముందే పెద్దమామ ఫోను. "కొండకు రేపు పోదువులే. ముందు చంద్రగిరికి రా. ఈ తూరి నీకు గుంత చూపిస్తా."

గుంత అంటే మా ఇళ్ళల్లో ఒకటే గుంత. అమ్మను కన్న తాత లంకెబిందెల కోసం తవ్వించినది. చిన్నప్పటి నుంచి దాని గురించి వినడమే గానీ చూసింది లేదు. వేసవి సెలవులకు పోయినప్పుడు ఆ పక్కకు పోతే కాళ్ళిరగ్గొడతానని అమ్మ బెదిరించేది. పాములుంటాయని పైకి చెప్పేది గానీ, ఆ గుంత పేరెత్తితేనే ఆమెకు తలకొట్టేసినట్టుండేది. రెండెకరాల మడి అమ్మి, ఆ డబ్బుతో కూలోళ్ళను పెట్టి తవ్వించాడట తాత. ఊరి పేరు రాయను. రాస్తే ఇంకో నలుగురు గడ్డపారలు భుజానేసుకుని దిగుతారు. పాకాల దారిలో కొంత దూరం పోయి లోపలికి తిరగాలి, అంతమటుకు చాలు.

తిరుపతి నుంచి చంద్రగిరి 12 కిలోమీటర్లే. మామ కోట దగ్గర టీవీఎస్ ఎక్సెల్ మీద కూర్చుని, ఒక కాలు కిందికి ఆనించి ఉన్నాడు. బండి ముందర గోనెసంచి. అందులో ఏముందని అడగలేదు. గడ్డపార మొన బయటికి కనబడుతూనే ఉంది.

"మహలు చూస్తావా, సీదా పోదామా?"

చూద్దామన్నాను. రాజమహల్ మూడంతస్తులది. పైకప్పులకు కూడా కట్టె వాడకుండా ఇటుక, రాయి, సున్నంతోనే లేపిన కట్టడం. లోపల పురావస్తు శాఖ మ్యూజియం. నేను విగ్రహాలు చూస్తుంటే మామ గోడలు చూస్తున్నాడు. గూడు కనబడితే చాలు, వేలి కణుపుతో కొట్టి చెవి పెడతాడు. "డొల్లగా ఉండాది, ఇను." కాపలా అతను దూరం నుంచే నవ్వాడు. "అంతా డొల్లే పెద్దాయనా. ముందరొచ్చినోళ్ళు ఊడ్చుకోని పోయినారు." రోజుకు ఇద్దరన్నా సొరంగం ఎక్కడని అడుగుతారట. శిల్పాల గురించి అడిగేవాళ్ళు తక్కువట.

చంద్రగిరిలో ఈ పిచ్చికి ఆధారం లేకపోలేదు. 1565లో తళ్ళికోట దగ్గర అళియ రామరాయలు పోయాక, తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం ఖజానాను 550 ఏనుగుల మీద ఎక్కించుకుని పెనుగొండకు తరలించాడని పోర్చుగీసువాళ్ళు రాసిపెట్టారు. ఆ వంశమే తర్వాత చంద్రగిరిని రాజధాని చేసుకుంది. 1646కు కోట గోల్కొండ చేతికి పోయింది. మధ్యలో ఎనభై ఏళ్ళు. సైన్యానికి జీతాలు, కప్పాలు, దాయాదుల కొట్లాటలు, గుళ్ళకు కానుకలు, ఇవన్నీ ఊరికే జరుగుతాయా? కానీ మామ లెక్కల పుస్తకంలో ఖర్చనే పద్దు లేదు. సొమ్ము వచ్చింది, తిరిగి పోయినట్టు ఎవరూ రాయలేదు, అందుకని ఇక్కడే ఉంది. అంతే ఆయన చరిత్ర.

బయట టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఫోన్లో చట్టం తీసి చదివి వినిపించాను. 1878 నాటి నిక్షేపాల చట్టం, తెల్లవాళ్ళు చేసినది, ఇప్పటికీ ఉంది. భూమిలో దాచిన సొమ్ము 10 రూపాయల విలువ దాటితే, దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. నూరేళ్ళ లోపల దాచిన సొమ్మయితే, దాచినవాడి తరఫు వాళ్ళు వచ్చి మాదని అడగొచ్చు. అడిగేవాళ్ళు లేకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక వంతు, స్థలం సొంతదారుకు పావు వంతు. సర్కారుకు కావాలంటే విలువ కట్టి, పైన ఐదో వంతు కలిపిచ్చి తీసుకోవచ్చు.

జైలు సంగతి మామ విన్నట్టే లేదు. "పావు వంతా? వాడికా?" అని గ్లాసు కింద పెట్టేశాడు. వాడంటే చిన్నమామ. భాగాలు పంచుకున్నప్పుడు గుంత ఉన్న చేను చిన్నమామకు పోయింది. "వాడు ఒక్కదినం గడ్డపార పట్టినోడు కాదు. మట్టి తట్ట మోసింది నేను. వాడికి పావు వంతెట్లా పోతాది రా?" దొరకని సొమ్ముకు అన్నదమ్ముల తగువు. టీ డబ్బులు నేనే ఇచ్చాను.

దారంతా మామ నిధుల వార్తలే చెప్పాడు. ఎక్సెల్ చప్పుడుకు సగం గాలికి పోయాయి. 2021లో తిరుపతిలోనే, మంగళం వైపు శేషాచలం కొండలో నిధి కోసం సొరంగం తవ్వుతూ కొందరు దొరికిపోయారు. పోలీసులు చూసేనాటికి 80 అడుగులు తవ్వేశారు. "ఇంకొంచెం పోయుంటే తగిలుండేది," అన్నాడు మామ, తన కష్టమే వృథా అయినట్టు. సర్కారు కూడా తక్కువ తినలేదు. 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనిపించిందంటే, డౌండియా ఖేడాలో కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళే పలుగూ పారా పట్టారు. కుండపెంకులు, ఇటుకలు, ఎముకలు. మన కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబరులో అధికారుల ముందరే తవ్వారు. అక్కడా ఎముకలు, ఇటుకలు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కదా మామా అంటే, ఎలుక కూడా దొరకలేదంటే ఇంకా లోతుకు పోవాలని అర్థం అన్నాడు. ఈ తర్కానికి జవాబు లేదు.

నేనూ ఒక నిధి కథ చెప్పాను. తిరుమల గుడిలో హుండీకి ఎదురుగా ఉండే చిన్న రాతి గదిలో అన్నమయ్య కీర్తనల రేకులు వందల ఏళ్ళు ఎవరికీ పట్టకుండా పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో బయటికి తీశారు. దాదాపు 2,500 రేకులు. 32 వేల కీర్తనలు రాశాడంటారు, దొరికినవి 12 వేలకు పైమాటే. మామ బండి నిదానం చేసి వెనక్కి తిరిగాడు. "బంగారు రేకులా?"

"రాగివి."

"రాగా," అని మళ్ళీ వేగం పెంచాడు.

ఊరి ముందర చింతచెట్టు కింద బండి ఆపి, సద్ది విప్పాడు. అత్త కట్టిచ్చిన సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి. తింటూ తింటూ, నేను అడగకుండానే అంజనం సంగతి ఎత్తాడు. ఇన్నేళ్ళలో ఇది నాకెవరూ చెప్పలేదు.

అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్ళు. ఎక్కడి నుంచో వచ్చిన బైరాగి ఒకడు తాత దగ్గర వారం తిష్ట వేసి, చేనులో సొమ్ముందన్నాడు. ఎక్కడుందో తేల్చడానికి అంజనం వేయాలి. దానికి పసిపిల్లోడు కావాలి. కాళ్ళు ముందరగా పుట్టినవాడైతే మరీ మంచిదట, మామ అట్లానే పుట్టాడు. నడింట్లో ముగ్గేసి, తలంటి పోసి, చల్లటి బండల మీద బాసిపట్టు వేయించి కూర్చోబెట్టారు. అరచేతిలో తమలపాకు, ఆకు మీద ఆముదంలో కలిపిన నల్లటి కాటుక. పక్కన దీపం. దానిలోకే చూడాలి, రెప్ప కొట్టకూడదు.

"ఊడ్చేటోళ్ళు వచ్చినారా అని అడిగినాడు. రాలేదన్నా. కళ్ళాపి చల్లేటోళ్ళు వచ్చినారా అన్నాడు. రాలేదన్నా. ఎంతసేపు రా అట్లా? కాళ్ళు తిమ్మిరెక్కినాయి. కళ్ళల్లో నీళ్ళు. బయట పిల్లోళ్ళు గోలీలాడతా ఉండారు. మీ అవ్వ ఉట్టి మీద బొరుగుల ఉండలు పెట్టింది, అయిపోయినాక ఇస్తానని. మూడో తూరి అడిగినప్పుడు వచ్చినారన్నా."

వచ్చినారని ఒకసారి అన్నాక ఇక ఆగలేదట. ఊడ్చారన్నాడు, చల్లారన్నాడు, ఆంజనేయస్వామి వచ్చాడన్నాడు. కానగ చెట్టుకు నైరుతిగా, గుండు పక్కన, గొలుసుతో కట్టిన రెండు బిందెలు కనబడుతున్నాయన్నాడు. ఆ గుండు దగ్గర ముందురోజే ఆయనకు తేలు కుట్టబోయి తప్పింది, అందుకని అదే నోటికొచ్చింది.

"అయితే నువ్వు చెప్పిన అబద్ధానికా మామా తాత రెండెకరాలు అమ్మింది?"

"అబద్ధమే," అన్నాడు సంగటి ముద్ద మీద వేలితో గుంత చేస్తూ. కొంచెంసేపయ్యాక, "కానీ చెప్పేటప్పుడు ఆకులో ఏందో మెరిసింది రా. అది మాత్రం నిజం," అన్నాడు.

దీపం మెరిసి ఉంటుంది. నేను అనలేదు.

చేనుకు పోయే దారిలో పాత శివాలయం ఉంది. కప్పులో సగం లేదు. నందిని చూస్తే కడుపులో తిప్పినట్టయింది. తల సగం లేదు, పొట్ట దగ్గర ఉలితో తొలిచారు. ఉలి దెబ్బలు వరసగా, ఓపిగ్గా ఉన్నాయి, అదీ బాధ. నంది కడుపులో వజ్రాలు పోసి మూస్తారని ఎవడో అన్నాడు, అందరూ నమ్మారు. ఒకే రాతిని చెక్కిన నందికి కడుపు ఎక్కడిది, మూత ఎక్కడిది? ఊళ్ళోవాళ్ళు సిమెంటు మెత్తి, పైన పసుపు రాసి బొట్టు పెట్టారు. మామ చెంపలేసుకుని, "పాపిష్టి నాయాళ్ళు," అన్నాడు మనస్ఫూర్తిగా. చేతిలో గోనెసంచి అట్లానే ఉంది.

చేను గట్టున, గుండుకు ఆనించి, ఒక నిలువురాయి. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నాయి. బైరాగికి ఇదే పెద్ద సాక్ష్యమట. దానశాసనాల రాళ్ళ మీద ఈ గుర్తులు ఎన్ని చూశానో. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం ఈ మాన్యం చెల్లుతుందని. ఎవరికో భూమి ఇచ్చామని చెప్పే రాయిని చూసి, మా తాత ఉన్న భూమి అమ్ముకున్నాడు. మామకు చెప్పాను. అయితే పాము ఎందుకుందని అడిగాడు. నిజమే, కింద అరిగిపోయిన మెలికల గీత ఒకటుంది. పాము కావచ్చు, తీగ కావచ్చు. వంగి చూశాను. దాని తల ఎటు తిరిగి ఉందో చూసి, అటువైపు అడుగులు లెక్కపెట్టాను. ఏడో అడుగు దగ్గర గానీ సిగ్గు రాలేదు. మామ ఏమీ అనలేదు, మీసం కింద నవ్వుకున్నాడు.

దాచుకోవడం మనకేం కొత్త కాదు. బ్యాంకులు లేని రోజుల్లో దండు వస్తోందంటే భూమే బీరువా. మా అవ్వ కూడా దాచింది. 2018లో ఆమె పోయాక కందిపప్పు డబ్బా అడుగున గుడ్డమూటలో పదకొండు ఐదువందల నోట్లు దొరికాయి, అన్నీ రద్దయిన పాతవే. మా ఇంట్లో నిజంగా దొరికిన నిధి అదొక్కటే.

గుంత నేననుకున్నంత పెద్దది కాదు. పక్కలు జారి, కంప మొలిచి, దిగుడుబావి సగంలో వదిలేసినట్టుంది. తాత పదకొండు మూరలు తవ్వించాడు. డబ్బు అయిపోయింది, పైన వాన. బైరాగి పోయే ముందు, ఇంకో మూర అంటే తగిలేది, నీకు ప్రాప్తం లేదన్నాడట. తాత చనిపోయేదాకా ఆ మాటే. అన్నం ముందర కూర్చున్నా, మంచం పట్టినా, ఇంకో మూర.

మామ సంచిలోంచి గడ్డపార తీసి పక్కన పడేశాడు. అది కంప తొలగించడానికట. తర్వాత తాడు తీశాడు. కొసన రాయి, మూరకొక ముడి. ఏటా సంక్రాంతికి వచ్చి కొలుస్తాడట. "ఏం లేదు, మట్టి ఎంత పూడిందో చూస్తా." పోయినేటికి పూడి పూడి తొమ్మిది మూరలకు వచ్చింది.

గట్టున పడుకుని తాడు వదిలాడు. ముడులు ఒక్కొక్కటే వేళ్ళ సందున జారుతుంటే పెదాలు కదులుతున్నాయి. ఏడు. ఎనిమిది. తొమ్మిది. తాడు ఇంకా బిగువుగానే ఉంది. పది. పదకొండు. మామ నా వైపు చూశాడు. పన్నెండో ముడి దగ్గర సడలింది.

పైకి లాగి మళ్ళీ వదిలాడు. పన్నెండే.

అప్పుడు గానీ చుట్టూ చూడలేదు మేము. కానగ చెట్టు వెనక పచ్చి మట్టి కుప్ప. కోసిన నిమ్మకాయలు నాలుగు, ఎండి నల్లబడ్డాయి. కుంకుమ. ఒక క్వార్టరు సీసా, రెండు ప్లాస్టిక్ గ్లాసులు.

"ఎవురో తవ్వినార్రా," అన్నాడు మామ. గొంతు మారిపోయింది. "మన గుంతలో, ఇంకో మూర తవ్వినార్రా."

"మంచిదే కదా మామా. ఏమీ లేదని తేలిపోయింది."

"ఏమీ లేదని నీకు చెప్పినారా?"

"దొరికుంటే క్వార్టరు తాగి ఊరుకుంటారా? ఫుల్లు కొనేవాళ్ళు."

నవ్వలేదు. తాడు చుట్టి సంచిలో వేసుకున్నాడు. గడ్డపార మరిచిపోతుంటే నేనే తెచ్చాను. ఊళ్ళోకి వచ్చేటప్పుడు ఎక్సెల్ నడక వేగం మీదే పోయింది. ప్రతి ఇంటి ముందరా మామ తల అటు తిరుగుతోంది. గుడి మలుపులో, నీలం రంగు కొత్త మిద్దె ముందర పూర్తిగా ఆపేశాడు. పైన ఇంకా సెంట్రింగు కట్టెలు తీయలేదు.

"అల్లుడూ," అన్నాడు మెల్లగా, "ఈ మిద్దె పోయిన సంక్రాంతికి లేదు కదా?"